దొరకని బావమరిది

లూషస్ వీమ్స్ ఎవరికీ దొరకడు. ఇది తిట్టూ కాదు, పొగడ్తా కాదు. వాళ్ళ ఊరు హార్లన్ బెండ్‌లో ఎండ గురించీ వాన గురించీ చెప్పుకున్నట్టే ఇదీ చెప్పుకుంటారు. కరచాలనానికి చెయ్యి చాపితే చేతికి గాలి తగులుతుంది. కావలించుకోబోతే పక్కనున్న వాడెవడో కౌగిట్లో ఉంటాడు. గుంపుగా ఫోటో తీస్తే అందులో అతని మోచెయ్యి మాత్రం పడుతుంది. చెరుకుతోట తగలబెట్టినప్పుడు లేచే పొగలాంటివాడని చిన్నప్పుడే అతనికి ‘పొగ’ అని పేరు పెట్టారు. పాస్టరుగారు తప్ప ఊరంతా అలాగే పిలుస్తారు.

ఈ పొగని జన్మలో ఒక్కసారైనా రెండు చేతులా పట్టుకుని తీరతానని ఒట్టు పెట్టుకున్నవాడు ఒకడున్నాడు. అతని పేరు వెర్నెల్ గాస్కిన్. స్వయానా లూషస్ చెల్లెలి మొగుడు.

వెర్నెల్‌ది ఈ ఊరు కాదు. పెద్ద సరస్సుకి అవతలి ఒడ్డునున్న క్యాట్‌ఫిష్ పాయింట్. వాళ్ళు చేపలు పట్టి బతుకుతారు, వీళ్ళు చెరుకు నరికి బతుకుతారు. రెండూళ్ళూ కలిసి చేసే పని ఒక్కటే. ఏటా బడిపిల్లల మధ్య ఫుట్‌బాల్ ఆట పెట్టుకుని, మళ్ళీ ఏడాది దాకా సరిపడా కోపం పోగు చేసుకుంటారు. బంతి చంకన పెట్టుకున్నవాడు చివరి గీత దాటాలి, ఎదుటివాళ్ళు వాడిని ఒడిసిపట్టి నేలకెయ్యాలి. ఆటంటే ఇంతే. కాకపోతే ‘ఇంతే’ అనే మాట హార్లన్ బెండ్‌లో అంటే తన్నులు తింటారు.

ఆ రోజుల్లో వెర్నెల్ క్యాట్‌ఫిష్ పాయింట్ జట్టుకి కోటగోడ. అతను గుమ్మంలో నిలబడితే ఇంట్లో దీపం పెట్టుకోవాల్సి వచ్చేదట. ఆఖరి ఏడాది ఆఖరి నిమిషంలో లూషస్ బంతితో అతని మీదకే వచ్చాడు. మధ్యలో ఇంకెవరూ లేరు. లూషస్ భుజం కుడికి వంచాడు, నడుం ఎడమకి తిప్పాడు, మనిషి మాత్రం ఆ రెండు వైపులకీ వెళ్ళలేదు. ఎటు వెళ్ళాడో చూసినవాళ్ళందరూ తలోరకంగా చెబుతారు. వెర్నెల్ మాత్రం రెండు చేతులూ బార్లా చాపి ఎగిరి, తనని తానే గట్టిగా కావలించుకుని, గీత అవతలున్న బ్యాండు మేళం మధ్యలో పడ్డాడు. తల పెద్ద డోలులోకి దూరింది.

ఆ డోలు వాయిస్తున్న పిల్ల వంగి, డోలులోకి చూసి అడిగింది.

“లోపలెవరు?”

“వెర్నెల్ గాస్కిన్‌ని.”

“నా డోలు ఎవరు బాగు చేయిస్తారు వెర్నెల్ గాస్కిన్?”

ఆమె ఓజెల్లా వీమ్స్, లూషస్ చెల్లెలు. డోలు బాగు చేయించే వంకతో వెర్నెల్ సరస్సు దాటి రావడం మొదలుపెట్టాడు. అది బాగయ్యేసరికి పెళ్ళి కుదిరింది.

పెళ్ళిరోజు చర్చిలో బావమరిదిని కావలించుకుంటే కాదనేవాడెవడని వెర్నెల్ ధైర్యం. లూషస్ చిరునవ్వుతో ఎదురొచ్చాడు కూడా. వెర్నెల్ కళ్ళు మూసుకుని గట్టిగా హత్తుకున్నాడు. కౌగిట్లోంచి సన్నగా మూలుగు వినిపించింది.

“బావా,” అన్నాడు లూషస్ వెనకనించి, “పాస్టరుగారిని వదిలెయ్. ఆయన ఊపిరి పీల్చుకుంటేనే గానీ నీకు పెళ్ళి జరగదు.”

పాస్టర్ మోబ్లీగారు ఆ పెళ్ళి కూర్చుని చేయించారు. పక్కటెముకల మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

లూషస్‌కి ఈ విద్య ఎక్కడబ్బిందంటే చెరుకుతోటల్లోనే. నరికే ముందు ఎండాకు పోవడానికి తోటకి నిప్పు పెడతారు. లోపలున్న కుందేళ్ళు బతుకుజీవుడా అని బయటికి దూకుతాయి. ఊళ్ళో పిల్లలంతా గట్ల మీద కాచుకుని, ఉత్త చేతులతో తరిమి పట్టుకుంటారు. సంచీ నింపుకున్నవాడి ఇంట్లో ఆ రాత్రి వేపుడూ గ్రేవీ. కుందేలు తిన్నగా పరిగెత్తదు గనక దాన్ని పట్టుకోవాలనుకున్నవాడూ తిన్నగా పరిగెత్తడం మానుకోవాలి. మిగతా పిల్లలు ఇంటికెళ్ళాక మానుకున్నదాన్ని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు, లూషస్ మానేసినవాడు మానేసినట్టే ఉండిపోయాడు. దుకాణంలోకి వెళ్ళినా పిండి బస్తాల మధ్యనించీ మెలికలు తిరుగుతూ వెళతాడు.

ఆటలో అంత పేరొచ్చింది గనక పెద్ద కాలేజీలవాళ్ళు తమ జట్టుకి పిలవడానికి కార్లేసుకుని ఇంటికొచ్చారు. వాళ్ళు ముందుగదిలో కూర్చుని అతని తల్లి చిలగడదుంపతో చేసి పెట్టిన ‘పై’ అనే తీపి రొట్టె తింటూ ఉంటే, లూషస్ వంటింటి కిటికీలోంచి దూకి వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ ‘పై’ తిన్నారు. మూడోసారి ‘పై’ కోసమే వచ్చారని ఓజెల్లా అంటుంది. లూషస్ చక్కెర మిల్లులో పనికి కుదిరి, చెరుకు బళ్ళ మధ్య తప్పించుకు తిరుగుతూ ఉద్యోగం చేసుకున్నాడు.

మంగలి క్లియోఫస్ కొట్లో దీని గురించి ఇప్పటికీ మంట రేగుతుంది. ఓసారెవరో పత్రిక పట్టుకొచ్చారు. అందులో ఫుట్‌బాల్ చరిత్రలో ఎవరికీ అందకుండా పరిగెత్తిన మొనగాళ్ళ పేర్లు వరసగా వేశారు.

“మన పొగ పేరేదీ?” అని క్లియోఫస్ అద్దాలు పెట్టుకుని వెతికాడు. “ఇదేం పత్రికయ్యా? పొయ్యిలో పెట్టు.”

“అన్నా, చరిత్రకే దొరకనివాడి పేరు వాళ్ళకెలా దొరుకుతుంది?” అన్నాడు కుర్చీలో గడ్డం గీయించుకుంటున్న వెర్నెల్. బావమరిది మీద ఎంత కసి ఉన్నా, బయటివాళ్ళు తక్కువ చేస్తే ఊరుకోడు.

“అయితే ఆ మాట వాడినే అడుగుదాం,” అని క్లియోఫస్ పక్క కుర్చీ వైపు తిరిగాడు. అందులో తెల్లగుడ్డ మాత్రం ఉంది. లూషస్ ఒక చెంప గీయించుకుని, రెండో చెంప నురగతోనే వెళ్ళిపోయాడు. తన గురించి మాట మొదలైతే అతను గడ్డం పూర్తయ్యేదాకా ఆగడు. ఊళ్ళో అర్ధగడ్డంతో ఎదురయ్యాడంటే, ఆ పూట ఎవరో అతన్ని మెచ్చుకున్నారన్నమాట.

ఇక వెర్నెల్ సంగతి. పెళ్ళయ్యాక ఓజెల్లా ఊరు కదలనంది. వెర్నెల్ మిల్లులో చేరి హార్లన్ బెండ్‌లోనే కాపురం పెట్టాడు. అదే అతను చేసిన పొరపాటు. వీధిలో అడుగుపెడితే చాలు, అరుగుల మీద కూర్చున్న ముసలమ్మల దగ్గరనించీ అందరూ రెండు చేతులూ చాపి గాలిని కావలించుకుని చూపించేవాళ్ళు. ‘గాలికౌగిలి’ అని పేరు పెట్టారు. చర్చిలో పాట మధ్యలో ఎవరైనా పరవశించి చేతులు చాపినా వెర్నెల్‌కి తననే అన్నట్టుండేది. మొదటి చలికాలానికే అతను ఓర్చుకోలేక పెట్టె సర్దేశాడు.

“మా ఊరు పోతాను. రా, నాతో.”

“రాను. నువ్వెళ్ళు,” అని ఓజెల్లా లోపలికెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.

ఆ వారమే దేవుడు చల్లగా చూశాడు. వెర్నెల్‌కి పెరట్లో ఓ కుందేలు బోను ఉండేది. నాలుగు చెక్కలు కొట్టి, పైనించి జారే తలుపు పెట్టి తనే చేసుకున్నాడు. చేపలవాళ్ళ పిల్లవాడు కదా, కుందేలుకి ఏ ఎర పెట్టాలో తెలీక చెరుకుముక్క పెట్టాడు. చెరుకులో పుట్టి చెరుకులో పెరిగిన కుందేలు, చుట్టూ ఊరంత చెరుకు ఉండగా, ఈయన బోనులో ఉన్న బెత్తెడు ముక్క కోసం వస్తుందా అని ఊరంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వింది.

పొద్దున్న చూస్తే బోనులో కుందేలుంది. చెరుకుముక్క నమిలి ఉంది.

ముందు ఎవరూ నమ్మలేదు. మళ్ళీ పడింది. ఆ పై వారమూ పడింది. క్లియోఫస్ దుకాణం మూసి మరీ వచ్చి బోనుచుట్టూ తిరిగి చూశాడు. “మాకు చిన్నప్పట్నించీ ఈ ఉపాయం తట్టలేదేంటయ్యా?” అని తల గోక్కున్నాడు.

“ఎరలో ఏం లేదన్నా. పెట్టే చేతిలో ఉంది,” అన్నాడు వెర్నెల్.

సర్దిన పెట్టె విప్పేశాడు. ఆనాటినించీ ఊళ్ళో అతనికి రెండు పేర్లు. ఆట సంగతొస్తే గాలికౌగిలి, కుందేళ్ళ సంగతొస్తే గురువుగారు. చలికాలమంతా వారంలో ఒకటో రెండో పడుతూనే ఉండేవి. చెరుకు నరకడం అయిపోయాక మాత్రం ఒక్కటీ పడదు. “ఎండలకి కుందేళ్ళకి తీపి సయించదు,” అని వెర్నెల్ కారణం చెప్పేవాడు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి బోనులో చెరుకు పెట్టే పద్ధతి నేర్చుకుపోయారు. వాళ్ళకి పడలేదు. మరి హస్తవాసి నేర్పితే వచ్చేదా?

కాలం గడిచింది. వెర్నెల్ తాతయ్యాడు. గోడ కాస్త వంగింది, మోకాలు మొరాయించింది. ఊళ్ళో థాంక్స్‌గివింగ్ పండగ పొద్దున పాత ఆటగాళ్ళంతా బడి మైదానంలో ఆడుకునే ఆనవాయితీ ఉంది. ఎముకలు విరిగే వయసు గనక పడగొట్టడాలు లేవు, రెండు చేతులూ ఒకేసారి ఆనిస్తే పట్టుకున్నట్టే. ఏటా లూషస్ ఆడతాడు, ఏటా వెర్నెల్ ఎదురుజట్టులో నిలబడతాడు, ఏటా గడ్డి నోట్లోకి వెళుతుంది. ఈసారి మాత్రం డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. ఈ ఆట ఆడితే ఆడు, ఆ తరవాత మైదానం వైపు చూశావంటే మోకాలు కోయాల్సిందే అన్నాడు.

“అంటే ఇదే నీకు ఆఖరి అవకాశమా?” క్లియోఫస్ కత్తి ఆపి అడిగాడు.

“ఇదే.”

“పట్టుకోలేకపోతే?”

“సమాధి మీద గాలికౌగిలి అని చెక్కుతారు. నా మనవలు ఆదివారాలు పూలు తెచ్చి, చేతులు చాపి, నవ్వుకుంటూ పోతారు.” అందరూ నవ్వారు. వెర్నెల్ నవ్వలేదు. నిజానికి అతనికి ఏడుపొచ్చినంత పనైంది. మనిషికి వయసు మీద పడ్డాక కోరికలన్నీ ఒక్కొక్కటే సర్దుకుంటాయి గానీ, ఇదొక్కటి సర్దుకోలేదు.

అదే సమయంలో ఇంకో తలనొప్పి వచ్చిపడింది. రెండు మూడుసార్లు బోను తలుపు పడి ఉండీ లోపల కుందేలు లేదు. ఎవడో తన కుందేళ్ళని ఎత్తుకుపోతున్నాడని వెర్నెల్ తేల్చుకున్నాడు. పండగ ముందురోజు తెలతెలవారుతుండగా పెరట్లో బోర్లించిన పాత పడవ వెనక నక్కి కూర్చున్నాడు. మోకాలు సలుపుతోంది. దొంగ దొరికితే ఏమనాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

కంచె దాటి ఓ మనిషి వచ్చాడు. చేతిలో గోనెసంచీ. ఒక్క ఆకు చప్పుడు కాకుండా, అక్కడ ఏ అడ్డూ లేకపోయినా మెలికలు తిరుగుతూ వచ్చాడు. ఆ నడక చూశాక మొహం చూడక్కర్లేదు.

‘నా బావమరిది కుందేళ్ళ దొంగా!’ అని వెర్నెల్ నోరు తెరిచాడు. తెరిచినది అలాగే ఉండిపోయింది.

లూషస్ బోను ముందు మోకరించాడు. తలుపెత్తాడు. సంచీలోంచి బతికున్న కుందేలుని చెవులు పట్టి తీసి లోపలికి నెట్టబోయాడు. అది జారి కాళ్ళ సందునించి దూకింది. అతను చూడకుండానే ఎడంచేత్తో అందుకుని మళ్ళీ లోపల పెట్టాడు. ఆ పట్టు మునుపటిలా లేదు, ఈమధ్య రెండు మూడు జారిపోయి ఉంటాయి. తరవాత చెరుకుముక్క తీసుకుని, పక్కపళ్ళతో ఓపిగ్గా అటూ ఇటూ కొరికి, నములుడు గుర్తులు సరిగ్గా పడ్డాయో లేదో వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు.

“కాస్త ఓర్చుకో,” అన్నాడు కుందేలుతో గుసగుసగా. “మా బావ మంచివాడే. మా చెల్లెలు వంట బాగా చేస్తుంది. నీకు దాంతో ఉపయోగం లేదనుకో.”

తలుపు జార్చబోతే సగంలో బిగుసుకుపోయింది. అరచేత్తో ఒక్కటిచ్చుకుంటే గానీ పడలేదు. కుందేలు కాదు కదా, కుక్క దూరినా ఆ తలుపు తనంతట తను పడదని వెర్నెల్‌కి అప్పుడర్థమైంది. పెట్టె సర్దుకున్న ఆ మొదటి చలికాలం గుర్తొచ్చింది. ఆ వారమే కుందేలు ఎందుకు పడిందో కూడా.

లూషస్ వీపు చేతికందేంత దూరంలో ఉంది. నేల మీద మోకరించి, వెనక్కి తిరిగి చూడకుండా, ఏ వైపుకీ వంగకుండా ఉంది. ఆ వీపు కోసం వెర్నెల్ డోలులో తల దూర్చాడు, పాస్టరుగారి ఎముకలు నలిపాడు, ఏటా గడ్డి తిన్నాడు. రెండు చేతులూ వాటంతటవే లేచాయి.

లేచి, ఓ క్షణం గాల్లో ఆగి, మెల్లిగా దిగి ఒళ్ళో కూర్చున్నాయి. లూషస్ వచ్చినంత మెత్తగానే కంచె దాటి వెళ్ళిపోయాడు.

వెర్నెల్ వంటింట్లోకొచ్చేసరికి ఓజెల్లా కిటికీ దగ్గర కాఫీ కలుపుతోంది. ఆ కిటికీలోంచి పెరడంతా కనబడుతుంది. అన్నేళ్ళుగా కనబడుతూనే ఉంది.

“చూశావా?” అంది ఆమె.

“ఏం చూడాలి?”

“ఏం లేదులే. కుందేలు పడిందా?”

“పడక? నా చేతి ఎర అది.”

“అవునయ్యా, నీ చెయ్యి అలాంటిది,” అని ఓజెల్లా గబుక్కున పొయ్యి వైపు తిరిగింది. వీపు మాత్రం చాలాసేపు ఊగుతూనే ఉంది.

మర్నాడు మైదానం చుట్టూ ఊరంతా చేరింది. ఇది వెర్నెల్‌కి ఆఖరి ఆట అని అందరికీ తెలుసు. క్లియోఫస్ విజిల్ మెళ్ళో వేసుకుని తీర్పరిగా నిలబడ్డాడు. చివరి ఎత్తుకి బంతి లూషస్ చేతికొచ్చింది. అవతల వెర్నెల్ ఒక్కడే మిగిలాడు, కాలు ఈడుస్తూ.

లూషస్ వచ్చాడు. భుజం వంచలేదు, నడుం తిప్పలేదు. పుట్టాక మొదటిసారి తిన్నగా పరిగెత్తాడు. పరుగు కాస్తా నడకైంది. బావ మోకాలు వంకా మొహం వంకా చూసి, బంతి పొట్టకి ఆనించుకుని, ఇంచుమించు ఆగిపోయాడు. బడిపిల్లవాడికైనా అందేవాడే.

వెర్నెల్‌కి అది అర్థమైంది. అర్థమవడంతోనే రెండు చేతులూ బార్లా చాపి, లూషస్ లేని వైపుకి, అమాంతం దూకాడు. తనని తాను హత్తుకుని ధన్‌మని గడ్డిలో పడ్డాడు. మైదానమంతా గొల్లుమంది. పిల్లలూ పెద్దలూ చేతులు చాపి గాలిని కావలించుకున్నారు. ఓజెల్లా ఒక్కతే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

లూషస్ మూడడుగులు నడిచి గీత దాటి వెనక్కి తిరిగాడు. అతని మొహం చూడాల్సిందే. అందరినీ తప్పించుకు తిరిగినవాడికి, తనని ఒకడు తప్పించుకుపోతే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసొచ్చింది. క్లియోఫస్ విజిల్ ఊదాడు.

“బావా,” అన్నాడు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, “అదేంటి, నేనిటుంటే నువ్వటు పోయావు?”

“ఎటుంటావో నీకే తెలీదు, నాకేం తెలుస్తుందిరా?” వెర్నెల్ గడ్డి ఉమ్మాడు. “లేపు. మోకాలు పట్టేసింది.”

ఎవరికీ చెయ్యివ్వని లూషస్ అటూ ఇటూ చూసి, ఆ చెయ్యి ముందుకి చాపాడు. వెర్నెల్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. లేచి నిలబడ్డాక కూడా వదల్లేదు.

“విజిల్ అయ్యాక పట్టుకున్నావు. ఇది లెక్కలోకి రాదు,” అని అరిచాడు క్లియోఫస్.

“రాదులే అన్నా,” అన్నాడు వెర్నెల్. ఆ చెయ్యి ఇంకా అతని చేతుల్లోనే ఉంది. లూషస్ కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు గానీ విడిపించుకోలేదు.

ఆ శనివారం మంగలికొట్లో వెర్నెల్ కుర్చీలో వెనక్కి వాలి, అందరికీ వినబడేలా చెప్పాడు. “ఈవేళ బోనులో రెండు కుందేళ్ళు పడ్డాయి.”

క్లియోఫస్ కత్తి ఆగింది. “ఒకే బోనులోనా? మొదటిది దూరగానే తలుపు పడిపోతుందిగా. రెండోది ఎలా వెళ్ళింది?”

“అదే నాకూ తెలీదన్నా. రెండోది తలుపు తీసుకుని లోపలికెళ్ళి, మళ్ళీ తలుపేసుకుని కూర్చున్నట్టుంది. చెరుకు కూడా చక్కగా పక్కపళ్ళతో నమిలింది. అదెవరో గానీ చాలా మర్యాదస్తురాలు. నాకు దొరికితే ఓసారి థాంక్స్ చెప్పాలనుంది.”

క్లియోఫస్ దాని సంగతేంటో అడుగుదామని పక్క కుర్చీ వైపు తిరిగాడు. కుర్చీలో తెల్లగుడ్డ ఒక్కటే ఉంది. కిటికీ అవతల లూషస్ ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో, వీధిలో అటూ ఇటూ మెలికలు తిరుగుతూ ఇంటికి పోతున్నాడు.